కెర్ ప్రయోగానికి ఐదు వేల వోల్టులు అక్కర్లేదు, రేగడి మట్టి చాలు

సంపాదకులు గారికి, నమస్కారం.

ప్రాక్టికల్స్ దగ్గర పడ్డప్పుడల్లా మన కాలేజీల ఫిజిక్స్ ల్యాబుల్లో వినబడే మాట ఒకటుంది: "కెర్ ఎఫెక్ట్ మన దగ్గర అయ్యేది కాదు." అందులో వాడే నైట్రోబెంజీన్ ద్రవం విషం, ఐదు వేల వోల్టులంటే భయం, సెట్టు కొనాలంటే ఖరీదు. మొదటి రెండూ నిజమే. అయినా ప్రయోగం మానాల్సిన పనిలేదు, సెల్‌లో, అంటే రెండు పలకలున్న గాజు పాత్రలో, పోసేదాన్ని మార్చితే సరి. గద్వాల, అలంపూర్ వైపు చేలల్లో దొరికే నల్లరేగడి, 50 వోల్టుల ఏసీ, ఒక ఎర్ర లేజర్ ఉంటే ఈ ప్రయోగం అసలు నేర్పాల్సిన సంగతి ఇంకా బాగా నేర్పవచ్చు. అదెలాగో వివరంగా రాస్తున్నాం. ఉత్తరం పొడవైతే మన్నించండి.

విషయం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. ద్రవంలో అణువులు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా తిరిగి ఉంటాయి. కాబట్టి కాంతికి ఏ దిక్కైనా ఒకటే. రెండు పలకల మధ్య ఆ ద్రవం పోసి విద్యుత్ క్షేత్రం పెడితే అణువులు కొద్దిగా ఒక వరుసకు వస్తాయి. అప్పుడు క్షేత్రం వెంబడి కంపించే కాంతికి ఒక వక్రీభవన గుణకం, అడ్డంగా కంపించే కాంతికి ఇంకొకటి. ఇదే ద్వివక్రీభవనం, క్షేత్రం వల్ల అది పుట్టడమే కెర్ ఎఫెక్ట్. గ్లాస్గోలో జాన్ కెర్ 1875లో మొదట గాజు దిమ్మెకు రంధ్రాలు తొలిచి, వాటిలో తీగలు పెట్టి దీన్ని చూశాడు. ఆ తర్వాత ద్రవాల్లో చూశాడు. తేడా క్షేత్రం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి ప్లస్, మైనస్ తారుమారు చేసినా ఫలితం మారదు. ఏసీతో పని జరిగేది అందుకే.

ఆ "కొద్దిగా" ఎంతో చూడండి. ఒక మిల్లీమీటరు సందులో 3,000 వోల్టులు పెట్టినా, 4.2 డీబై ద్విధ్రువ భ్రామకం (అణువు ఒక కొస ప్లస్, మరో కొస మైనస్‌గా ఉండటం ఎంతో చెప్పే కొలత) ఉన్న నైట్రోబెంజీన్ అణువును తిప్పే శక్తి దాని ఉష్ణ శక్తిలో నూటికి ఒక వంతే. రెండు వక్రీభవన గుణకాల తేడా లక్షలో సుమారు ఒకటిన్నర వంతే. అయినా 20 మి.మీ. పొడవున్న సెల్ దాటేసరికి ఆ తేడా పోగై దాదాపు అర తరంగమంత అవుతుంది. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరాయిడ్ల (ఒక్క దిక్కున కంపించే కాంతినే వదిలే పలకల) మధ్య చీకటి వెలుగుగా మారేది అందువల్లే.

నైట్రోబెంజీన్ కెర్ స్థిరాంకం, అంటే ఈ ప్రభావం దానిలో ఎంతో చెప్పే అంకె, ఒక పుస్తకంలో 2.4, ఇంకోదానిలో 4.4 (10⁻¹² మీటర్ బై వోల్ట్ వర్గం యూనిట్లలో) అని ఉంటుంది. విద్యార్థికి మధ్యలో ఏదో విలువ వస్తే రికార్డులో "తప్పు" అని గీత పడుతుంది. ద్రవం శుద్ధి, ఉష్ణోగ్రత, కాంతి రంగు చెప్పకుండా ఈ విలువను అప్పజెప్పమనడమే అన్యాయం. అసలు తప్పు ఎక్కువసార్లు వేరేచోట ఉంటుంది. ప్రాణరక్షణ కోసం సప్లైకి వరుసలో 10 మెగోమ్ రెసిస్టర్ పెడతారు. అది మంచిదే. కానీ నైట్రోబెంజీన్ తేమ పట్టి, అయాన్లు చేరి, సెల్ నిరోధం 5 మెగోమ్‌కు పడిపోయిందనుకోండి. సప్లై మీటరు 5,000 చూపిస్తుంటే సెల్ మీద ఉన్నది సుమారు 1,700 మాత్రమే. ప్రభావం వోల్టేజి వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి లెక్కలో కెర్ స్థిరాంకం తొమ్మిదో వంతుకు దిగుతుంది. ఈ సంగతి పట్టుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. వెలుగు మొదటిసారి గరిష్ఠమైన వోల్టేజి 3.2 కిలోవోల్టులైతే మళ్లీ చీకటి దానికి 1.41 రెట్ల దగ్గర, అంటే 4.5 దగ్గర రావాలి. రెండో గరిష్ఠం 1.73 రెట్ల దగ్గర, అంటే 5.5 దగ్గర. నిష్పత్తులు సరిగా ఉండి విలువ మాత్రమే తప్పితే పలకల సందునో, సెల్ మీద నిజంగా పడే వోల్టేజినో అనుమానించాలి. నిష్పత్తులే తప్పితే ద్రవంలో పారే కరెంటు కొలత మధ్యలో మారుతోందని అనుమానించాలి.

ఇక విషం సంగతి. నైట్రోబెంజీన్ చర్మం గుండా లోపలికి పోతుంది, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. పని ప్రదేశాల్లో గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు దాటకూడదన్నది పరిమితి. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర) లేని గదిలో దాని సీసా మూత తీయకూడదన్నది మా అభిప్రాయం. దాని బదులు కార్బన్ డైసల్ఫైడ్ వాడదామనే వాళ్లకు రెండు అంకెలు: అది మరిగేది 46 డిగ్రీల దగ్గర, నిప్పు తగలకుండానే అంటుకునేది 90 డిగ్రీల దగ్గర. మే నెలలో నల్లగొండ ఎండను, ల్యాబులో వేడెక్కి ఉండే బల్బును తలుచుకుంటే చాలు. అది చాలదన్నట్టు అదే సెల్‌లో మొదటి గరిష్ఠానికి దానికి 26 కిలోవోల్టులు కావాలి.

మరి అమ్మకానికి వచ్చే సెట్లలో పీఎల్‌జెడ్‌టీ అనే సిరామిక్ ముక్క ఉంటుంది. వెయ్యిన్నర వోల్టుల లోపే చక్కగా పనిచేస్తుంది, వాసన లేదు, కారదు. గ్రాఫు కూడా అందంగా వస్తుంది. కానీ అందులో తిరిగే అణువు లేదు. కాంతికి స్విచ్ ఎలా చేయాలో అది నేర్పుతుంది. అణువు ఆకారం ఏమిటో, ద్రవంలో అది ఎంత వేగంగా తిరుగుతుందో చెప్పదు. ఈ రెండూ లేకపోతే కెర్ ప్రయోగం సగమే అయినట్టు.

ఆకారం సంగతి క్లోరోఫామ్ దగ్గర తేటగా కనిపిస్తుంది. నైట్రోబెంజీన్‌లో ద్విధ్రువం ఏ దిక్కున ఉందో, ఎలక్ట్రాన్లు తేలిగ్గా కదిలే దిక్కు కూడా అదే. కాబట్టి స్థిరాంకం పెద్దది, ధనాత్మకం. క్లోరోఫామ్‌లో ద్విధ్రువం కార్బన్, హైడ్రోజన్ గీత వెంబడి ఉంటుంది. ఎలక్ట్రాన్లు తేలిగ్గా కదిలేది మాత్రం మూడు క్లోరిన్లున్న అడ్డ దిక్కున. క్షేత్రం ద్విధ్రువాన్ని పట్టి నిలబెడితే కాంతికి అనుకూలమైన దిక్కు క్షేత్రానికి అడ్డం తిరుగుతుంది. అందుకే స్థిరాంకం రుణాత్మకం. ఒక్క గుర్తు చాలు, అణువులో ద్విధ్రువం ఎటుందో చెప్పేస్తుంది. ద్విధ్రువం వాటా ఉష్ణోగ్రత వర్గానికి విలోమంగా, మిగతా వాటా ఉష్ణోగ్రతకు విలోమంగా తగ్గుతాయి. వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కొలిచి రెండింటినీ విడదీయవచ్చు. లాంజెవిన్ 1910లో, బోర్న్ 1918లో వేసిన సిద్ధాంతం ఇది. 1920ల చివర్లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ద్రవాల్లో ఒక్కో అణువు మీద చుట్టుపక్కల అణువుల ప్రభావాన్ని లెక్కలోకి తెచ్చి దీన్ని సరిదిద్దారు. ఆ తర్వాత సిడ్నీలో లె ఫెవ్ర్ బృందం అణువుల్ని పలుచని ద్రావణాల్లో కొలిచి, ద్రావణం ఇంకా ఇంకా పలుచనైతే విలువ ఎక్కడికి చేరుతుందో గీత పొడిగించి చూసి, బంధాల మెలికలను ఏళ్ల తరబడి లెక్కగట్టింది. మన వైవాల్లో రామన్ పేరు ఒక్క రామన్ ఎఫెక్ట్‌తోనే ఆగిపోతుంది.

ఇక మట్టి దగ్గరికి వద్దాం. ఎండాకాలం రేగడి చేలు నెర్రెలు బారడానికి, వానకు ఉబ్బడానికి కారణం స్మెక్టైట్ జాతి బంకమన్ను. అది అతిపలుచని పలకలుగా ఉంటుంది. నీటిలో చెదిరిన ఆ పలకను క్షేత్రం తిప్పితే, కెర్ సెల్‌లో అణువు చేసే పనే అది చేస్తుంది. అణువు కంటే ఎన్నో రెట్లు పెద్దది కాబట్టి సెంటీమీటరుకు 250 వోల్టుల క్షేత్రానికే మాట వింటుంది. ఈ జాతిదే అయిన బెంటోనైట్ మట్టితో ఇలాంటి ప్రయోగాలు 1930ల నుంచే ఉన్నాయి.

మట్టి దొరకడం కష్టమైతే ఎర్తింగ్ గుంతల్లో పోసే బెంటోనైట్ పొడి ఎలక్ట్రికల్ షాపులో అడగండి. మట్టే వాడదలిస్తే జానెడు లోతు నుంచి, పెంట ఎరువు తగలని చోట తీసుకోవాలి. 20 గ్రాములు నానబెట్టి, రాళ్లు వడగట్టి, సున్నపు కంకర పోవడానికి వెనిగర్ లాంటి పలుచని ఎసిటిక్ ఆమ్లంలో బుడగలు ఆగేదాకా ఉంచండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బంకమన్నే దెబ్బతింటుంది. తర్వాత పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కుళ్లిన ఆకు, వేరు పోతాయి. ఆపైన లీటరుకు 58 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో మూడుసార్లు ఊపి వంచేయాలి. రేణువుల మీది కాల్షియం పోయి సోడియం కూర్చునేది ఇక్కడే. ఇప్పుడు డిస్టిల్డ్ వాటర్‌తో కడుగుతూ పోతే మొదట రెండు మూడుసార్లు మట్టి బుద్ధిగా అడుక్కి దిగుతుంది. తర్వాత ఒక్కసారిగా దిగడం మానేసి నీళ్లు మబ్బుగా ఉండిపోతాయి. అప్పటిదాకా రేణువుల్ని గుంపు కట్టించిన ఉప్పు పోయిందన్నమాట. కంగారు పడి పారబోయకండి, మీకు కావలసింది అదే. ఇంకా కడగాలంటే సెంట్రిఫ్యూజో డయాలిసిస్ గొట్టమో కావాలి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడటం మానేదాకా కడగాలి, తెల్లబడితే ఉప్పు ఇంకా ఉన్నట్టు.

కడిగినదాన్ని పొడవాటి జాడీలో కదపకుండా 8 గంటలు ఉంచి పైనుంచి 10 సెం.మీ. నీటిని సైఫన్‌తో లాగండి. రేణువు నీటిలో దిగే వేగం చెప్పే స్టోక్స్ లెక్క ప్రకారం 20 డిగ్రీల దగ్గర రెండు మైక్రాన్ల కంటే పెద్దవి ఆ లోతు దాటి దిగిపోయి ఉంటాయి. సెంట్రిఫ్యూజ్ ఉంటే పైతేట ఇంకా సన్నగా వస్తుంది, ఫలితమూ బాగుంటుంది. 50 మి.లీ. తూచిన గిన్నెలో పోసి 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూస్తే గాఢత తెలుస్తుంది. లీటరుకు 0.2 గ్రాములకు పలుచన చేయండి. సిగ్నల్ చాలలేదని గాఢత ఒక గ్రాము దాటించవద్దు. రేణువులు ఒకదాన్నొకటి తిరగనివ్వవు, మబ్బు వల్ల కాంతి ధ్రువణం కూడా చెడుతుంది. చాలకపోతే సెల్ పొడవు పెంచాలి.

సెల్ అంటే 10 మి.మీ. గాజు క్యువెట్ (చిన్న చదరపు గాజు పాత్ర). అందులో 10 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. ఎత్తు ఉన్న రెండు స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు, మధ్యలో 2 మి.మీ. టెఫ్లాన్ ముక్కలు. లేజర్ కిరణం రేకుల అంచుకు రాసుకోకుండా సందు మధ్యలోంచి పోవాలి. లోహం మీద జారిన కాంతి ధ్రువణం మార్చుకుని వచ్చి అబద్ధం చెబుతుంది. క్లిప్పులు బిగిస్తే గాజుకే ద్వివక్రీభవనం వస్తుంది. వోల్టేజి లేకుండానే అనలైజర్ (సెల్ తర్వాత ఉండే పోలరాయిడ్) పూర్తి చీకటి ఇవ్వకపోతే మొదట వదులు చేయాల్సింది క్లిప్పునే. మొదటి పోలరాయిడ్ క్షేత్రానికి 45 డిగ్రీల్లో, అనలైజర్ దానికి అడ్డంగా ఉండాలి.

నీళ్ల దగ్గర మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఉప్పదనం ఉన్న బోరు నీరు సులువుగా సెంటీమీటరుకు 1,000 మైక్రోసీమెన్ల విద్యుత్ వాహకత చూపిస్తుంది, అంటే టీడీఎస్ మీటరు మీద 500 దాకా. ఈ సెల్‌లో దాని నిరోధం 67 ఓమ్‌లు. 50 వోల్టులు పెడితే 37 వాట్లు పుట్టి, రేకుల మధ్య ఉన్న 0.6 మి.లీ. నీరు సెకనుకు 15 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. అది కెర్ సెల్ కాదు, వాటర్ హీటర్. పైగా కాల్షియం రేణువుల్ని గుంపు కట్టిస్తుంది. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వేసి గడ్డకట్టించే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు కదా, నల్లగొండ టెక్నిక్ అని. అక్కడ మిత్రుడైన ఆ గడ్డకట్టుడు ఇక్కడ శత్రువు. ఆర్‌వో క్యాన్ నీళ్లూ పనికిరావు. టీడీఎస్ మీటరు 5 దాటకుండా చూపించే డిస్టిల్డ్ వాటర్ కావాలి, గ్లాసు సామాను ఆఖరి కడుగుడు కూడా దానితోనే. అలా చేస్తే పలుచని మట్టి నీరు 20 మైక్రోసీమెన్ల దగ్గర ఉంటుంది, నిరోధం 3.3 కిలోఓమ్, వేడి ముప్పావు వాటు. అప్పుడు కూడా వోల్టేజిని అలా వదిలేయకుండా 30 మిల్లీసెకన్ల విడతలుగానే ఇవ్వాలి.

వోల్టేజికి సిగ్నల్ జనరేటర్ నుంచి ఒక కిలోహెర్ట్జ్, దాన్ని పెంచడానికి ఆడియో యాంప్లిఫైయర్, దాని వెనక తిరగేసిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చాలు. డీసీ ఇస్తే రేకుల మీద బుడగలు లేచి కాంతిని చెదరగొడతాయి, అయాన్లు రేకుల దగ్గర పోగై మధ్యలో క్షేత్రాన్ని తినేస్తాయి. విడత ఆగాక ట్రాన్స్‌ఫార్మర్ ఊగుతూ మిగిలిపోతే రేణువులు నిజం కంటే నెమ్మదిగా చెదిరినట్టు కనిపిస్తుంది. కాబట్టి సిగ్నల్‌ను గీతగా చూపే ఆసిలోస్కోప్ రెండో చానెల్‌లో సెల్ వోల్టేజిని తప్పకుండా చూడాలి.

అసలు కొలత విడత ఆగిన తర్వాతే. క్షేత్రం పోగానే వరుస కట్టిన పలకలు ఉష్ణ చలనంతో మళ్లీ చెల్లాచెదురవుతాయి, ద్వివక్రీభవనం ఘాతీయంగా పడిపోతుంది. ఆ కాలం నుంచే భ్రమణ వ్యాపన గుణకం (రేణువు తనంతట ఎంత త్వరగా తిరుగుతుందో చెప్పే అంకె), దాని నుంచి రేణువు వ్యాసం వస్తాయి. 25 డిగ్రీల నీటిలో అర మైక్రాన్ పలకకు అది 6 మిల్లీసెకన్లు. ఒక మైక్రాన్‌కు 48, పావు మైక్రాన్‌కు ముప్పావు మిల్లీసెకను. వ్యాసం రెట్టింపైతే కాలం ఎనిమిది రెట్లు. అందుకే పెద్ద రేణువులు కొన్ని మిగిలినా పడిపోయే గీతకు తోక పొడవవుతుంది. లాగరిథం గీత తిన్నగా రాకపోతే ప్రయోగం చెడిందనుకోవద్దు, అది సైజుల కలగలుపును చూపిస్తోంది.

ఇక్కడ దాదాపు అందరూ పడే గుంత ఒకటుంది. పోలరాయిడ్లు అడ్డంగా ఉన్నప్పుడు డిటెక్టర్‌కు చేరే వెలుగు ద్వివక్రీభవనం వర్గానికి అనులోమం. అంటే వెలుగు పడిపోయే కాలం నిజమైన దానిలో సగమే. 6 బదులు 3 చదివి, రేణువును చిన్నదిగా లెక్కగడతారు. అనలైజర్‌ను కొద్దిగా తిప్పితే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. ఉత్త తిప్పుడు నేపథ్యపు వెలుగును పెంచుతుంది, అంతే. సెల్ తర్వాత క్వార్టర్ వేవ్ ప్లేటును (రెండు దిక్కుల కాంతి మధ్య పావు తరంగం, అంటే 90 డిగ్రీల తేడా తెచ్చే పలకను) మొదటి పోలరాయిడ్ దిక్కుకు సమాంతరంగా పెట్టి, ఆ తర్వాత అనలైజర్‌ను 5 డిగ్రీలు తిప్పాలి. అప్పుడు సిగ్నల్ ద్వివక్రీభవనానికే అనులోమంగా ఉంటుంది, దాని గుర్తు కూడా తెలుస్తుంది. డిగ్రీ ల్యాబులో సోడియం దీపం కోసం కొన్న ప్లేటు 650 నానోమీటర్ల లేజర్‌కు 90 బదులు 82 డిగ్రీలే ఇస్తుంది. ఫర్వాలేదు, సిగ్నల్ ఒక శాతం తగ్గుతుంది గానీ కాలం మారదు.

డిటెక్టర్‌గా బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్ బాగుంటుంది. సిగ్నల్ పెద్దది కావాలని దానికి ఒక మెగోమ్ లోడ్ పెడతారు. డయోడ్ 70 పికోఫారడ్, మీటరు పొడవు కేబుల్ ఇంకో 100. కలిస్తే సర్క్యూట్ కాలమే 170 మైక్రోసెకన్లు. పావు మైక్రాన్ రేణువుల్ని కొలిచేటప్పుడు ఇది ఫలితంలో కలిసిపోతుంది. 10 కిలోఓమ్ పెట్టి, 64 విడతల సగటు తీయడం మేలు. విడతకు విడతకు మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. లేజర్ పాయింటర్‌ను బటన్ సెల్స్‌తో కాకుండా రెగ్యులేటెడ్ సప్లైతో నడపాలి.

చూస్తున్నది నిజంగా రేణువుల భ్రమణమేనా అన్న అనుమానం తీరడానికి బరువులో 30 శాతం గ్లిజరిన్ కలపండి. స్నిగ్ధత దాదాపు రెండున్నర రెట్లు పెరుగుతుంది, కాలమూ అంతే పెరగాలి. పెరగకపోతే మీరు కొలుస్తున్నది యాంప్లిఫైయర్‌నో, డిటెక్టర్‌నో. గది ఉష్ణోగ్రత రాయకుండా రికార్డు దిద్దవద్దని అధ్యాపక మిత్రులకు మనవి. జనవరిలో 25 డిగ్రీల దగ్గర 6 మిల్లీసెకన్లు వచ్చిన అదే సీసా ఏప్రిల్‌లో 40 డిగ్రీల దగ్గర 4.2 ఇస్తుంది. నీరు పలచబడింది, మట్టి మారలేదు.

ఇప్పుడు చిన్న లెక్క. కాలం సైజు ఘనాన్ని బట్టి మారుతుంది కదా. అర మైక్రాన్‌ను వెయ్యోవంతు చేస్తే అర నానోమీటరు, అంటే చిన్న అణువంత. ఆరు మిల్లీసెకన్లను వంద కోట్లతో భాగిస్తే 6 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు). ద్రవాల్లో చిన్న అణువులు తిరిగే కాలాలు నిజంగానే ఆ కోవలో ఉంటాయి. కార్బన్ డైసల్ఫైడ్‌లో సుమారు 1.7 పికోసెకన్లు, పెద్దదీ చిక్కనిదీ అయిన నైట్రోబెంజీన్‌లో పదుల పికోసెకన్లు. అంత వేగంగా వోల్టేజిని ఆపగల స్విచ్ లేదు. అందుకే కాంతి పల్స్‌లో ఉండే విద్యుత్ క్షేత్రాన్నే వాడుకున్నారు. 1964లో మేయర్, జీర్ దీన్ని చూపారు. 1969లో డ్యుగే, హాన్సెన్ కార్బన్ డైసల్ఫైడ్‌తో పికోసెకన్ల షట్టర్ చేశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉన్నలాంటి ఫెమ్టోసెకను లేజర్లు మన దగ్గర లేవు. కానీ వాటితో కొలిచే వక్రరేఖ ఆకారాన్ని, దాని వెనకున్న స్టోక్స్, ఐన్‌స్టైన్, డీబై లెక్కను నల్లగొండలో రేగడి నీటితో చూపించవచ్చు.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్స్ జాబితాలో కెర్ ఎఫెక్ట్ అన్న చోట "నైట్రోబెంజీన్ లేదా సిరామిక్ లేదా బంకమన్ను ద్రావణం" అని రాయండి, కాలం కొలతను తప్పనిసరి చేయండి. రెండు కాలేజీలు ఒకే మట్టి సీసాను పంచుకుని కొలిస్తే ఎవరి సెట్టులో లోపముందో కూడా తేలుతుంది.

బీరువాల్లో ఏళ్లుగా ఉన్న పాత నైట్రోబెంజీన్ సీసాల మాట కూడా. వాటిని సింకులో గానీ, ప్రహరీ వెనక గుంతలో గానీ పోయవద్దు. మూత బిగించి, పేరు రాసి, పగలని డబ్బాలో నిలబెట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకు అప్పగించాలి. మూత చుట్టూ పసుపు మరకలుంటే చేతి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు. పలుచని రబ్బరు తొడుగుల్లోంచి అది దిగుతుంది కాబట్టి మందమైన బ్యూటైల్ రబ్బరువి వాడాలి.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకులు కొందరు,
నల్లగొండ, మహబూబ్‌నగర్